పనుల మధ్య, కష్టాల మధ్య విశ్వాసం వేడిగా ఉంటుందా?

"విశ్వాసం చల్లారిపోతున్నది" అనే మాట మా సంఘంలో తరచుగా వినబడుతుంది. ఆదివారం ప్రసంగంలో వింటాం, ఉపవాస కూటాల్లో వింటాం, పెద్దవాళ్ళు మా వయసు పిల్లల్ని చూసి నిట్టూర్చినప్పుడు కూడా వింటాం. మొదట్లో ఉన్న ఆసక్తి ఇప్పుడు లేదంటారు. ఎందుకు లేదని అడిగితే సాధారణంగా రెండు కారణాలు చెబుతారు. ఒకటి బతుకు కష్టాలు, రెండోది ఫోను. (ఫోను మాట వచ్చేసరికి అందరూ మా వైపే చూస్తారు. కానీ ప్రార్థన మధ్యలో మోగే ఫోన్లు ఎక్కువగా పెద్దవాళ్ళవే.)

ఈసారి పత్రికకు వ్యాసం అడిగినప్పుడు మా టీచర్ "మీకు నిజంగా జవాబు తెలియని ప్రశ్న మీదే రాయండి" అన్నారు. నాకు జవాబు తెలియని ప్రశ్న ఇది. విశ్వాసం వేడిగా ఉండాలంటే మనిషికి తీరిక, నిశ్శబ్దం కావాలా? కావాలి అంటే, ఆ రెండూ లేనివాళ్ళ సంగతేమిటి? వాళ్ళ విశ్వాసం ఎప్పటికీ సగమేనా?

మా బడిలో అన్ని మతాల పిల్లలూ ఉన్నారు. నేను క్రైస్తవ కుటుంబం నుంచి వచ్చాను కాబట్టి నాకు తెలిసిన ఉదాహరణలతోనే రాస్తున్నాను. కానీ అయ్యప్ప మాల వేసుకుని, తెల్లవారకముందే చన్నీళ్ళ స్నానం చేసి, ఆరో పీరియడ్‌లో కళ్ళు మూతలు పడుతుంటే ఆపుకునే నా క్లాస్‌మేట్‌కి కూడా ఈ ప్రశ్న కొత్తది కాదు.

కామాఠీపురా అంటే బయటివాళ్ళకు ఒకే ఒక్క సంగతి తెలుసు. ఆ పేరు మన తెలుగువాళ్ళ వల్ల వచ్చిందని చాలామందికి తెలియదు. కామాటి అంటే కూలిపని చేసేవాడు. 18వ శతాబ్దం చివర, బొంబాయి ద్వీపాల మధ్యకు సముద్రపు నీరు రాకుండా హార్న్‌బీ వెల్లార్డ్ అనే కట్ట కట్టాక ఇక్కడి బురద నేల ఆరింది. నిజాం రాజ్యం వైపు నుంచి వచ్చిన తెలుగు కూలీలు ఆ నేల మీద గుడిసెలు వేసుకున్నారు. ఈ నగరంలో రోడ్లు, భవనాలు కట్టిన చేతుల్లో వాళ్ళ చేతులున్నాయి. ఆ తర్వాత పాలమూరు, నల్లగొండ, కరీంనగర్ నుంచి జనం వస్తూనే ఉన్నారు. కొందరు మిల్లుల్లోకి, కొందరు బీడీ పనిలోకి, ఇప్పుడు ఎక్కువమంది బిల్డింగు పనిలోకి. మావాళ్ళది పాలమూరు. మా నాయిన సెంట్రింగు పని చేస్తాడు. పొద్దున నాకా మీద నిలబడితేనే ఆ రోజు పని ఉన్నదో లేదో తెలుస్తుంది.

మా ఖోలీ 10 అడుగులు, 12 అడుగులు. అందులో ఆరుగురం ఉంటాం. ఒక మూలన మోరీ, పైన మాళా, మిగిలిన చోటే మా ఇల్లు. పొద్దున 5 గంటలకు నీళ్ళు వస్తాయి, అప్పటి నుంచి బకెట్ల చప్పుడు. పక్క ఖోలీలో టీవీ, ఎదురు ఖోలీలో కుక్కరు విజిలు, కింద గల్లీలో టెంపోవాళ్ళ హారన్లు. పండగ రోజుల్లో లౌడ్ స్పీకరు సంగతి చెప్పనక్కరలేదు. ఇలాంటి చోట మత్తయి సువార్త 6వ అధ్యాయం చదువుతాం. ప్రార్థన చేసేటప్పుడు నీ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకో అని యేసు ప్రభువు చెప్పిన భాగం అది. ఒకసారి సండే స్కూల్లో ఈ వచనం చదువుతుంటే ఒక చిన్నపిల్లాడు "టీచర్, ఏ గది?" అని అడిగాడు. కొందరు నవ్వారు. కానీ వాడు అడిగింది చాలా సరైన ప్రశ్న. మా చాల్‌లో పగలు ఎవ్వరూ తలుపు వెయ్యరు. వేస్తే ఏమైందోనని పక్కింటివాళ్ళు వచ్చి తడతారు.

మా పాస్టరు అయ్యగారిని అడిగితే ఆయన ఒక సంగతి చెప్పారు. అక్కడ గది అని ఉన్న మాటకు గ్రీకు భాషలో సరుకులు దాచుకునే కొట్టు అని అర్థమట. గలిలయలో పేదవాళ్ళ ఇళ్ళు కూడా ఎక్కువగా ఒంటి గది ఇళ్ళేనట. అంటే ఆ కొండ మీద కూర్చుని విన్నవాళ్ళలో చాలామందికి మాలాగే తలుపు వేసుకునే గది లేదు. అది తెలిసే ఆయన అలా చెప్పాడు. కాబట్టి ఆ మాట ఇంటి కొలతల గురించి అయ్యుండదు.

మా అవ్వ ప్రార్థన చేసే పద్ధతి చూస్తే నాకు ఆ మాట అర్థమైనట్టు ఉంటుంది. ఆమె మోరీ పక్కన గోడ వైపు తిరిగి కూర్చుని కొంగు తల మీదుగా ముఖం మీదికి లాక్కుంటుంది. అంతే. ఆ కొంగు దించేవరకు ఆమెను ఎవరూ పిలవరు, మా చిన్న తమ్ముడు కూడా పిలవడు. జాన్ వెస్లీ, చార్లెస్ వెస్లీల తల్లి సూసన్నా వెస్లీ గురించి కూడా ఇలాంటి మాటే చెబుతారు. 300 ఏళ్ళ కిందట ఇంగ్లండులో ఇంటినిండా పిల్లలతో ఆమెకు ఏకాంతం దొరక్క, వంటింటి ఏప్రాను తల మీద కప్పుకుని ప్రార్థించేదని. అవ్వకు ఈ సంగతి చెబితే "ఆమెకు గూడ ఖోలీ చిన్నదేనా?" అని అడిగింది.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వస్తాను. కష్టాలు, పరధ్యానం ఈ రెండింటినీ మనం ఒకే ఊపిరిలో చెబుతాం. కానీ మార్కు సువార్త 4వ అధ్యాయంలో విత్తువాడి ఉపమానం చూస్తే ప్రభువు వాటిని వేరువేరు నేలలుగా పెట్టాడు. రాతినేల మీద పడ్డ విత్తనం త్వరగా మొలిచి, ఎండ రాగానే మాడిపోతుంది. ఆ ఎండ అంటే శ్రమ, హింస. ముళ్ళపొదల్లో పడ్డది మాడిపోదు, పెరుగుతుంది, కానీ ముళ్ళు కూడా దాని పక్కనే పెరిగి ఊపిరాడకుండా చేస్తాయి. ఆ ముళ్ళు అంటే లోక చింతలు, ధనం మీద ఆశ, ఇంకా ఏవేవో కోరికలు. నేను గమనించింది ఏమిటంటే, మంచినేల మీద కూడా అదే ఎండ పడుతుంది. ఎండ లేకుండా ఏ పంటా పండదు. వేరు లేనిదాన్ని మాడ్చిన ఎండే వేరున్నదాన్ని పండిస్తుంది. కాబట్టి ఉపమానంలో తప్పు ఎండది కాదు.

ఈ మాట అవ్వకు చెప్పాను. ఆమె వ్యవసాయం చేసిన మనిషి. "రాళ్ళ నేల రాళ్ళ నేలనే అంటే ఎట్ల బిడ్డా? మా చెలకంత రాళ్ళే ఉండె. ఏరి ఏరి గట్టుకు పోసినం. జొన్న పండలేదా?" అన్నది. ముళ్ళ గురించి అడిగితే కాస్త ఆలోచించి, "రాయి ఒక్కపారి ఏరితే పోతది. కంప అట్ల గాదు. కొట్టినా మళ్ల మొలుస్తది. దానితోనే బాధ" అన్నది. సండే స్కూల్లో ఈ ఉపమానం ఎన్నోసార్లు విన్నాను కానీ ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు.

అయితే కష్టం మంచిదే అని ఎవరైనా సులువుగా అంటే నాకు నచ్చదు, ముఖ్యంగా కడుపు నిండినవాళ్ళు అంటే. కష్టంలో దేవుని దగ్గరికి వచ్చేవాళ్ళ గురించి ఇంకో అనుమానం కూడా ఉంది. తిండి కోసం, సాయం కోసం మతం పుచ్చుకున్నారు అని మావాళ్ళ గురించి అనే మాట నేను చిన్నప్పటి నుంచి విన్నాను. ఆ అనుమానం బయటివాళ్ళకే కాదు, మిషనరీలకు కూడా ఉండేది. దీనికి ఒంగోలు చరిత్ర కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

అమెరికన్ బాప్టిస్టు మిషను నెల్లూరులో 1840లో మొదలైంది. చాలా ఏళ్ళు దాదాపు ఏ ఫలితమూ లేదు. ఈ మిషను మూసేద్దామా అని అమెరికాలో ఒకటికి రెండుసార్లు చర్చించారు. 1854 జనవరి 1న తెల్లవారుజామున లైమన్ జూయెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు, మొత్తం ఐదుగురు ఒంగోలు కొండ ఎక్కి ప్రార్థించారు. వాళ్ళ కోరిక ఒంగోలుకు ఒక మనిషిని పంపమని. ఆ మనిషి, జాన్ క్లౌ, ఒంగోలు వచ్చి స్థిరపడింది 1866లో. మధ్యలో 12 ఏళ్ళు. ఈ 12 ఏళ్ళ గురించి పుస్తకాల్లో ఒక్క లైనే ఉంటుంది. నాకైతే ఆ లైను దగ్గరే ఆగాలనిపిస్తుంది. 12 ఏళ్ళంటే నా వయసులో ఎక్కువ భాగం. అన్నాళ్ళు ఏమీ జరగకపోయినా జూయెట్ రోజూ పొద్దున లేచి తన పని చేసుకున్నాడు. దాన్ని ఎవరూ ఉజ్జీవం అని పిలవలేదు.

తర్వాత 1876 నుంచి 1878 వరకు పెద్ద కరువు వచ్చింది. క్లౌ బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్న వేలమందికి పని, కూలి ఇచ్చాడు. పని దగ్గర బోధకులు మేస్త్రీలుగా ఉన్నారు, విశ్రాంతి వేళ జనంతో మాట్లాడేవాళ్ళు. బాప్తిస్మం ఇమ్మని చాలామంది అడిగారు. ఆయన ఇవ్వలేదు. సహాయం పంచే చేత్తోనే బాప్తిస్మం ఇస్తే ఎవరు ఎందుకు వచ్చారో తనకే తెలియదు కదా అని దాదాపు 15 నెలలు ఆపేశాడు. సహాయం పని ముగిశాక, ఇక ఇవ్వడానికి ఏమీ లేదని తెలిశాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు, చెప్పులు కుట్టుకుని బతికేవాళ్ళు.

2,222 అన్న సంఖ్యను అందరూ గొప్పగా చెబుతారు. నాకు 15 నెలలు అన్న సంఖ్యే పెద్దదిగా అనిపిస్తుంది. ఆకలి ఉన్నప్పుడు దేవుణ్ణి పిలవడం ఎవరైనా చేస్తారు. కూలి ఆగిపోయాక కూడా వచ్చి నది ఒడ్డున నిలబడ్డారే, అక్కడ వాళ్ళ ఆసక్తి తెలుస్తుంది.

దీన్ని మా చాల్‌లో కూడా చూశాం, కానీ తలకిందులుగా. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు నాకు పదేళ్ళు. నాకా ఖాళీ, లోకల్ రైళ్ళు బంద్. మా గల్లీలో సగం మంది ఎలాగోలా ఊర్లకు వెళ్ళిపోయారు. మేం ఉండిపోయాం. చర్చికి తాళం పడింది. అప్పుడు రోజూ రాత్రి 8 గంటలకు ఫోన్లో కాన్ఫరెన్స్ కాల్ పెట్టి ప్రార్థన చేసేవాళ్ళు. ఊర్లో ఉన్నవాళ్ళు, ముంబయిలో ఉన్నవాళ్ళు అందరూ కలిసేవాళ్ళు. ఒకరి గొంతు ఒకరికి ఆలస్యంగా వినబడి పాట గందరగోళంగా ఉండేది, అయినా ఎవరూ మానలేదు. ఏ ఫోనునైతే సైతాను పెట్టె అనేవాళ్ళో అదే అప్పుడు మా గుడి. పని మళ్ళీ మొదలైంది. ఒక్కొక్కరే తగ్గారు. చివరికి ఆ కాల్‌లో నలుగురు మిగిలారు, వాళ్ళలో ముగ్గురు ముసలమ్మలు. కష్టం మమ్మల్ని చల్లార్చలేదు, కష్టం తీరడమే చల్లార్చింది. ఈ మాట రాస్తుంటే బాధగా ఉంది కానీ చూసినదే రాస్తున్నాను.

ఇక మా అన్న సంగతి చెప్పాలి. పెద్దమ్మ కొడుకు, నాకంటే ఏడేళ్ళు పెద్ద. బైకు మీద ఇంటింటికి భోజనం అందించే పని. ఆదివారం ఆర్డర్లు ఎక్కువ, ఆ రోజు మానేస్తే వారం ఇన్సెంటివ్ మొత్తం పోతుంది. అక్క పెళ్ళి అప్పు వాడి మీదే ఉంది. అందుకని ఆదివారం చర్చికి రాడు, మంగళవారం రాత్రి కూటానికి మాత్రం వచ్చేవాడు. ఒకసారి బయటి నుంచి వచ్చిన ఒక ప్రసంగికుడు, ఆదివారం ఆరాధన మానేవాళ్ళు ప్రకటన గ్రంథం 3వ అధ్యాయంలోని లవొదికయ సంఘంలాగా నులివెచ్చని వాళ్ళని, దేవుడు వాళ్ళను ఉమ్మివేస్తాడని గట్టిగా చెప్పారు. అన్న తల దించుకుని విన్నాడు. తర్వాతి మంగళవారం రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు. అడిగితే, "ఉమ్మేసేటోని దగ్గరికి పనిగట్టుకొని పోవుడు దేనికి?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

నాకు కోపం వచ్చింది, ఎవరి మీదనో తెలియలేదు. పాస్టరు అయ్యగారిని మళ్ళీ అడిగాను. ఆయన బైబిలు వెనక ఉన్న మ్యాపు తీసి చూపించారు. లవొదికయ ఇప్పటి టర్కీలో ఉంది. దానికి ఒక పక్క హియెరాపొలి, అక్కడ వేడినీటి ఊటలు ఉన్నాయి, ఇప్పటికీ జనం చూడటానికి వెళతారు. ఇంకో పక్క కొలస్సయి, అక్కడ చల్లని నీళ్ళు. లవొదికయకు సొంతంగా మంచి నీళ్ళు లేక గొట్టాల్లో దూరం నుంచి తెచ్చుకునేవాళ్ళు. అవి వచ్చేసరికి నులివెచ్చగా, సున్నపు రుచితో ఉండేవి. చాలామంది పండితులు ఆ వాక్యాన్ని ఇలాగే వివరిస్తారట. ఇలా చూస్తే చల్లని నీళ్ళు చెడ్డవి కావు. వేడినీళ్ళు నొప్పులకు పనికొస్తాయి, చన్నీళ్ళు దాహానికి పనికొస్తాయి. ఎవరికీ పనికిరానివి నులివెచ్చనివి. నీళ్ళ కోసం లైన్లో నిలబడే మా చాల్‌వాళ్ళకు ఈ సంగతి ఒక్క నిమిషంలో అర్థమవుతుంది. అంతేకాదు, ఆ సంఘం పేదది కాదు. మాకు డబ్బుంది, ఏ కొరతా లేదు అని చెప్పుకున్న సంఘం. ఆ మాటను తెచ్చి అప్పు తీర్చడానికి ఆదివారం బండి నడిపేవాడి మీద వెయ్యడం న్యాయంగా లేదని నేను అనుకుంటున్నాను.

అన్నకు ఇదంతా చెప్పాను. వాడు శ్రద్ధగా విని, "అయితే నేను వేడి నీళ్ళనా, సల్ల నీళ్ళనా?" అన్నాడు. అప్పు కడుతున్నావు, పెద్దమ్మకు మందులు తెస్తున్నావు, పనికిరానివాడివి కాదు అన్నాను. అక్కడితో నేనే గెలిచానని అనుకునేలోపు వాడే ఇంకో మాట అన్నాడు. "పని వల్ల టైం లేదన్నది అబద్ధం. హోటల్ బయట ఒక్కో ఆర్డరుకు పది నిమిషాలు కూసుంటం. రోజుకు పన్నెండు ఆర్డర్లు. లెక్క వెయ్యి." లెక్క వేస్తే 2 గంటలు. "ఆ రెండు గంటలు రీల్స్‌కే పోతయి. ఏం జూసిన్నో సాయంత్రానికి ఒక్కటి గూడ యాదికుండదు."

ఈ మాట విన్నాక నా ఆలోచన మారింది. కష్టం మనిషి చేతుల్ని తీసుకుంటుంది. పరధ్యానం మనసును తీసుకుంటుంది. మా అవ్వ వయసులో ఉన్నప్పుడు రోజుకు వెయ్యి బీడీలు చుట్టేదట. చాట ఒళ్ళో పెట్టుకుని, తునికాకు కత్తిరించి, తంబాకు వేసి, చుట్టి, దారం కట్టి. (బీడీ తాగడం మంచిదా కాదా అన్నది వేరే వ్యాసం.) చేతులకు ఒక్క క్షణం ఖాళీ లేదు. కానీ గ్యాలరీలో ఐదారుగురు ఆడవాళ్ళు వరసగా కూర్చుని ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు ఒకటి తర్వాత ఒకటి పాడుకునేవాళ్ళు. ఆ పుస్తకంలో పురుషోత్తమ చౌదరి గారివి చాలా పాటలున్నాయి. అవ్వకు చదవడం రాదు, అయినా ఆ పాటలు చరణాలతో సహా నోటికి వస్తాయి. చదివి నేర్చుకున్నవి కావు, బీడీలతో పాటు చుట్టుకున్నవి. కష్టం ఆమె చేతుల్ని కట్టేసింది కానీ మనసును ఖాళీగా వదిలింది. ఫోను సరిగ్గా దీనికి వ్యతిరేకం. చేతులు ఊరికే ఉంటాయి, మనసు ఎక్కడో ఉంటుంది.

అన్ని పనులూ బీడీ పని లాంటివి కావని నాకు తెలుసు. మా నాయిన "పద్నాలుగో అంతస్తులో కండ్లు మూసుకొని ప్రార్థన చేస్తే సీదా దేవుని కాడికే పోతం" అంటాడు. ఆయన ప్రార్థన లోకల్ రైల్లో. కిటికీ పక్క సీటు ఎప్పుడూ దొరకదు, కమ్మీ పట్టుకుని నిలబడే చేస్తాడు. పక్కవాళ్ళకు నిద్రపోతున్నట్టు కనబడుతుందట. మా చదువుల సంగతి కూడా వేరే. లెక్కలు చేస్తూ కీర్తన పాడుకోలేం, చదువుకు మనసు కూడా కావాలి. కాబట్టి అవ్వ దారి మాకు ఉన్నదున్నట్టు పనికిరాదు. ఖాళీ దొరికే చోట్లు మేం వెతుక్కోవాలి. నీళ్ళ లైను, మెట్లు, బస్సు స్టాపు. ఇంతకుముందు వాటిని ఎవరూ వెతుక్కోనక్కరలేదు, ఎందుకంటే వాటిని కొనడానికి ఎవరూ కాచుకుని లేరు.

ముంబయిలోనే ఇంకో ఉదాహరణ ఉంది. పండిత రమాబాయి 1889 మార్చి 11న చౌపాటీ దగ్గర శారదా సదన్ ప్రారంభించారు, వితంతువుల కోసం, ఆడపిల్లల కోసం. మా గల్లీ నుంచి చౌపాటీ నడిచి వెళ్ళే దూరమే. మరుసటి ఏడాది దాన్ని పూణేకు మార్చారు, తర్వాత కేడ్గావ్‌లో ముక్తి మిషన్ వచ్చింది. 1905లో అక్కడ గొప్ప ఉజ్జీవం జరిగింది. మన ప్రసంగాల్లో ఆ ఏడాది గురించే చెబుతారు, అమ్మాయిలు రాత్రింబవళ్ళు ప్రార్థించారని. కానీ రమాబాయి గారు ఆ ఏడాదితో ఆగలేదు. మామూలు ఆడవాళ్ళకు అర్థమయ్యే మరాఠీలో బైబిలు ఉండాలని హీబ్రూ, గ్రీకు నేర్చుకుని ఏళ్ళ తరబడి అనువదించారు. అక్షరాలు కూర్చడం, అచ్చు వేయడం ముక్తిలో ఉన్న స్త్రీలే చేశారు. చెవులు సరిగా వినబడేవి కావు. 1921లో ఒక్కగానొక్క కూతురు మనోరమ చనిపోయింది. అయినా పని ముగించి, 1922 ఏప్రిల్ 5న కన్నుమూశారు. ప్రూఫులు దిద్దడంలో ఏ ఉద్వేగమూ ఉండదు. మా పత్రిక ప్రూఫులు దిద్దిన నాకు ఆ సంగతి బాగా తెలుసు. కానీ 1905 నాటి మంట 17 ఏళ్ళ తర్వాత కూడా ఉన్నదని చెప్పడానికి ఆ ప్రూఫులే సాక్ష్యం.

ఇది చదివాక నేను కూడా ఒక చిన్న పని పెట్టుకున్నాను. మంగళవారం కూటంలో బైబిలు చదవడం నా వంతు. అక్కడికి వచ్చే ఆడవాళ్ళలో చాలామందికి చదవడం రాదు. వాళ్ళ పిల్లలు ఇంగ్లీషు మీడియంలో చదువుతారు, తెలుగు మాట్లాడతారు కానీ చదవలేరు. తెలుగు మీడియం ఎందుకు, ఏం ఉపయోగం అని అడిగేవాళ్ళకు నేనిచ్చే జవాబుల్లో ఇదొకటి. కొన్నిసార్లు మర్నాడు పరీక్ష ఉంటుంది. కొన్నిసార్లు చదవాలనే అనిపించదు. కానీ నేను పుస్తకం తెరవకపోతే ఆ రాత్రి వాళ్ళకు వాక్యం లేదు. నాకు ఆసక్తి ఉన్నదా లేదా అని వాళ్ళు అడగరు, "ఎక్కడిదాంక సదివినం బిడ్డా?" అని అడుగుతారు. విచిత్రం ఏమిటంటే, సగం అధ్యాయం అయ్యేసరికి చాలాసార్లు నాకే చదవాలనిపిస్తుంది. ముందు ఆసక్తి పుట్టి తర్వాత పని వస్తుందని అనుకునేదాన్ని, అది ఎప్పుడూ ఆ వరసలోనే రాదు.

మా గల్లీ గురించి రాస్తూ ఒక సంగతి వదిలేస్తే అది నిజాయితీ కాదు. మా అడ్రసు చెప్పగానే కొందరి ముఖం మారుతుంది. పక్క గల్లీల్లో బతుకుతున్న ఆ అక్కలు కూడా ఇక్కడివాళ్ళే. డిసెంబరులో కేరల్స్‌కు తిరిగేటప్పుడు ఆ గల్లీలోకి పోవాలా వద్దా అని ఒక ఏడాది పెద్దల మధ్య వాదన జరిగింది. పిల్లలున్నారు వద్దు అన్నారు కొందరు, ఆ మాటలో కూడా అర్థం ఉంది. అవ్వ మాత్రం, "ఏసయ్య పోని గల్లీ ఏదో నాకు సూపియ్యండ్రి" అన్నది. చివరికి పెద్దవాళ్ళు మాత్రమే వెళ్ళి రెండు పాటలు పాడి వచ్చారు. తర్వాత ఏడాది ఆ గల్లీ నుంచి ఇద్దరు క్రిస్మస్ ఆరాధనకు వచ్చి చివరి వరసలో కూర్చున్నారు. వాళ్ళ పక్కన చోటుంది, అయినా కొందరు నిలబడ్డారు. ఏ టీవీ చప్పుడూ, ఏ ఫోనూ లేని ఆరాధనలో కూడా విశ్వాసం ఇలా చల్లబడగలదు. అమ్మ వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చుంది, నేను అమ్మ పక్కన కూర్చున్నాను. ఆ రోజు ప్రసంగం ఏమిటో నాకు గుర్తు లేదు.

ఇప్పుడు కామాఠీపురా మొత్తాన్ని కూల్చి కొత్తగా కడతారని, మ్హాడా ఆ పని చూస్తుందని అంటున్నారు. మా చాల్‌లో అందరూ దాని గురించే మాట్లాడుతున్నారు. ఎన్ని చదరపు అడుగులు వస్తాయి, అన్నాళ్ళు ఎక్కడ ఉండాలి, పాత కాగితాలు ఎవరి దగ్గర ఉన్నాయి. అమ్మకు లోపలే బాత్రూము ఉంటుందని సంతోషం. నాకు తలుపు వేసుకుని చదువుకునే చోటు దొరుకుతుందని సంతోషం, అది దాచుకోను. అవ్వకు మాత్రం ఒక అనుమానం ఉంది. కొత్త బిల్డింగులో గ్యాలరీ ఉంటుందా, అందరూ తలుపులు వేసుకుంటే మంగళవారం కూటం ఎక్కడ పెడతాం అని వచ్చినవాళ్ళందరినీ అడుగుతుంది. ఇంతవరకు ఎవరూ సరిగా చెప్పలేదు.

కూటం మాత్రం రాత్రి 9 నుంచి 10:30కు మార్చారు. పాస్టరు అయ్యగారే మార్చారు, ఆ టైముకైతే బండి పనివాళ్ళు ఇల్లు చేరతారని. పోయిన మంగళవారం అన్న హెల్మెట్ చేతిలో పట్టుకుని వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. ఫోను ఆన్‌లోనే ఉంది, ఒక ఆర్డరు కూడా వచ్చింది, లేచి వెళ్ళాడు. వెళ్ళేముందు మేం ఎక్కడిదాకా చదివామో అడిగి తెలుసుకున్నాడు.